షేరు: కోతయా, పాలా?

సహకార సంఘమునుండి పంట అప్పు తెచ్చుకొనిన రైతును ఎంత వచ్చినదని యడిగినచో అతడు రెండు అంకెలు చెప్పును. కాగితముపై వ్రాసినది యింత, చేతికి వచ్చినది యింత. నడుమనున్న తేడా యేమని మరల నడిగినచో "షేరు కోత" యనును. దరఖాస్తు ఖర్చు, స్టాంపు ఖర్చు, పంటల బీమా ప్రీమియము మొదలగు వాని సరసనే షేరును గూడ చేర్చి, పోయిన సొమ్ము క్రింద లెక్క వ్రాసికొని యూరకుండువారు మనలో పెక్కురు. ఆ సొమ్ము పోలేదు. అతని పేరనే, అతని ఖాతాలోనే, సంఘపు పుస్తకములలో నిలిచి యున్నది. ఒక్క ఇంగ్లీషు మాటకు అర్థము సరిగా పట్టుబడకపోవుటచేత రైతు తన యాస్తిని తానే ఖర్చుగా కట్టివేసికొనుచున్నాడు. కావున ఆ మాట ఎచ్చటినుండి వచ్చినది, ఇంగ్లీషువారు దానిని ఎన్ని విధముల వాడుదురు, మన సంఘపు బల్లమీదికి వచ్చుసరికి దానికేమి యర్థము నిలిచినది యను విషయమును కొంచెము విపులముగా విచారింతము.

ముందుగా ఒక చిక్కును తొలగించవలెను. షేరు అనగానే మన పెద్దలలో కొందరు తూకపు శేరు ననుకొనుట కలదు. హైదరాబాదు ప్రాంతమున ఉర్దూ తెలిసిన వారికి షేర్ అనగా సింహము. కొంచెము నాలుక తిప్పి పలికినచో రెండు పాదముల పద్యము. ఈ మూడింటికిని మన షేరుతో ఎట్టి బంధుత్వమును లేదు. మనము చెప్పుకొనబోవునది అచ్చమైన ఇంగ్లీషు మాట, అందును పల్లెటూరి మాట.

వేయి సంవత్సరముల క్రిందటి ఇంగ్లీషులో ఈ మాటకు మొదటి యర్థము "కోత" యే. కత్తితో గాని కత్తెరతో గాని కోయుటను, గొఱ్ఱె బొచ్చు కత్తిరించుటను, క్రైస్తవ సన్న్యాసుల శిరోముండనమును గూడ దానితోనే చెప్పెడివారు. కోయగా విడివడిన ముక్క గనుక తరువాత "భాగము" అను నర్థము వచ్చినది. మన రైతు "షేరు కోత" యని తెలియక యన్న మాట మూలార్థమునకు ఎంత దగ్గరగా నున్నదో చూడుడు. మన భాషలోను కోత యను మాటకు రెండు ముఖములు కలవు. పంట కోతయు కోతయే, జీతములో కోతయు కోతయే. ఒకదానివలన ఇల్లు నిండును, రెండవదానివలన చేయి ఖాళీయగును.

ఈ మాటకు ఇంగ్లీషులో చుట్టములు చాల మంది. గొఱ్ఱెల కత్తెరను షియర్స్ అందురు. కుండపెంకును షార్డ్ అందురు. పగిలి విడివడిన ముక్క గనుక. పొట్టిది, అనగా కత్తిరించి కురుచ చేసినది, షార్ట్. మనము తొడుగుకొను షర్టును, ఆడుపిల్లలు తొడుగుకొను స్కర్టును ఆ షార్ట్ యొక్క తోబుట్టువులే. క్రికెట్ ఆటలో చెప్పు స్కోరు సైతము ఈ కుటుంబములోనిదే. పూర్వము అక్షరము రాని వారు కఱ్ఱమీద గంటులు కోసి లెక్క పెట్టుకొనెడివారు. ఆ గంటే స్కోరు. మన యిండ్లలో గోడమీద గీతలు గీచి వాడుక పాల లెక్క నిలుపుకొనుట వంటిదే యది. భాషాశాస్త్రజ్ఞులు ఇంకను వెనుకకు పోయి, కోయుట యని యర్థమిచ్చు సంస్కృత ధాతువును, దానినుండి పుట్టిన కర్తరి శబ్దమును ఈ కుటుంబమునకే చెందినవని నిర్ణయించినారు. పంచాంగమునందు వేసవిలో మనము చూచి భయపడు కర్తరియు ఆ శబ్దమే.

అన్నిటికంటె మనకు ప్రీతిపాత్రమగునది మరియొకటి యున్నది. ఇంగ్లీషులో నాగటి కర్రును గూడ షేర్ అనియే యందురు. నాగలి పేరు ముందు చేర్చి ప్లౌషేర్ అని పూర్తిగా చెప్పుదురు గాని, కమ్మరి కొలిమివద్ద ఇంగ్లీషు రైతునకు వట్టి షేర్ అన్న చాలును. భూమిని కోయునది గనుక దానికా పేరు వచ్చినది. పాలు అను నర్థముగల షేరును, కర్రు అను నర్థముగల షేరును కోయుట యను నొక్క క్రియనుండి పుట్టి, రెండు దారులు పట్టి, నేడు ఒక్క రూపముతో నిలిచినవి. ఇచ్చట నొక హెచ్చరిక చేయవలెను. కర్రు, కర్తరి యను శబ్దములు చెవికి దగ్గరగా వినిపించుటచేత అవి యొకటే యని తీర్మానింపరాదు. కర్రు మన దేశ్యపు మాట. తమిళమున కాఱు అని దానికి తోబుట్టువు కలదు. తెలుగు బైబిలువారు వాడిన నక్కు అను మాటయు ఈ వస్తువునకే పేరు. ఖడ్గములను సాగగొట్టి కర్రులుగా చేయుదురను యెషయా ప్రవక్త భావమును 1959లో సోవియట్ ప్రభుత్వము శిల్పముగా చేయించి న్యూయార్కు నగరమందలి ఐక్యరాజ్య సమితికి బహూకరించినది.

కర్రు మాట వచ్చినది గనుక దాని చరిత్రను రెండు మాటలలో చెప్పి ముందుకు సాగుదము. పూర్వము అచ్చటను మనవలెనే ఇనుప కర్రును మాటిమాటికి కమ్మరివద్ద కాల్పించి పదును పెట్టించవలసి వచ్చెడిది. రాబర్ట్ రాన్సమ్ అను నాంగ్లేయుడు 1785లో పోత ఇనుప కర్రును గట్టిపరచు విధానమునకు పేటెంటు పొందెను. 1803లో ఇంకొక ఉపాయము కనిపెట్టెను. పోత పోయునపుడు కర్రు క్రిందివైపును త్వరగా చల్లార్చిన ఆ వైపు మిక్కిలి గట్టిపడును. పైవైపు మెత్తగా నుండును. దున్నుచుండగా పైవైపు ముందుగా అరిగిపోవును గనుక అంచు తనంతట తానే పదునుగా నిలుచును. 1837లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున జాన్ డీర్ అను కమ్మరి, విరిగిన రంపపు ఉక్కుతో నాగలి చేసెను. అచ్చటి బంకమన్ను మన నల్లరేగడివలెనే పోత ఇనుమునకు అంటుకొని నాగలిని సాగనిచ్చెడిది కాదు. నునుపైన ఉక్కునకు అంటలేదు. నేడు మన పొలములలో తిరుగు ట్రాక్టర్లలో కొన్నిటిపై ఆ కమ్మరి పేరే యున్నది.

ఇక భాగమను నర్థము. తన వంతు పని చేసినవానిని "తన షేరు తాను చేసెను" అని ఇంగ్లీషువారందురు. నలుగురు చందా వేసికొని పని నడుపుటయు షేరులకు పోవుటయే. వీలునామాలలో ఆస్తిని బిడ్డలందరికి సమానముగా నిచ్చునపుడు "షేర్ అండ్ షేర్ అలైక్" అని వ్రాయుట వారి ప్లీడర్ల పాత యలవాటు. మిక్కిలి ప్రసిద్ధమైనది "లయన్స్ షేర్". దీనిని మన పత్రికలవారు సింహభాగము అని తెలుగు చేసి పెద్ద భాగము అను నర్థమున వాడుచున్నారు. అసలు కథ అట్లు లేదు. సింహము కొన్ని జంతువులతో పొత్తుగా వేటకు పోయినది. వేటాడి తెచ్చినదానిని భాగములు చేసి, నేను మృగరాజును గనుక ఇది నాది, బలవంతుడను గనుక ఇదియు నాదే, అని ఒక్కొక్క కారణము చెప్పి అన్నిటిని తానే యుంచుకొన్నది. కాబట్టి సింహభాగమనగా పెద్ద భాగము కాదు, సర్వమును. మాట మెత్తబడినది గాని సింహము మెత్తబడలేదు.

ఈ మాట క్రియగా వాడబడుట చాల తరువాత, పదునారవ శతాబ్ది చివర, ప్రారంభమైనది. అందు మూడు విధములు కలవు. మనకు ఆ మూడింటికిని వేరువేరు మాటలుండగా ఇంగ్లీషువారు ఒక్కదానితో సరిపెట్టుకొనుచున్నారు. రొట్టెను షేరు చేయుట యనగా పంచుట, ఇచ్చినవానికి తగ్గును. బావిని షేరు చేయుట యనగా ఉమ్మడిగా వాడుకొనుట. ఇచ్చట బావి ముక్కలు కాదు, వంతులుండును. అన్నదమ్ముల బావికి మోటారు వంతులు వేసికొనిన రైతులకు పంచుటకును వంతునకును గల భేదమును ఎవరును బోధింపనక్కరలేదు. మూడవది చెప్పుకొనుట. దుఃఖమును షేరు చేయుట, వార్తను షేరు చేయుట. ఇందు ఇచ్చినవానికి ఏమియు తగ్గదు. మనసులోని విషయమును నలుగురిలో చెప్పుకొనుట యను నీ యర్థము 1930ల నాటి ఆక్స్‌ఫర్డు గ్రూపు అను మతోద్యమమువారి వాడుకనుండి వ్యాపించినది. "మీ యభిప్రాయమును నేనును షేరు చేయుచున్నాను" అని వారన్న, నా యభిప్రాయమును అదియే యని గ్రహింపవలెను గాని ఏదియో పంచిపెట్టుచున్నాడని కాదు.

మన బస్తీలలో షేరు ఆటో యని యున్నది. అది రెండవ విధము: బండి యొక్కటి, ఎక్కువారు పలువురు, కూర్చున్న చోటునకు మాత్రమే కూలి. సెల్‌ఫోనులో వాన కబురో, మార్కెట్ యార్డు ధరయో "షేర్ చేయి" యనిన మూడవ విధము. బ్యాంకువారు సందేశములలో ఓ.టి.పి.ని ఎవరితోను షేరు చేయవద్దని వ్రాయునపుడు కొందఱు దానిని మొదటి విధముగా, అనగా డబ్బు పంచుటగా, భ్రమింతురు. "ఫోనులో వచ్చిన అంకెను ఎవ్వరికిని చెప్పవద్దు, బ్యాంకువారమని చెప్పినవారికి గూడ చెప్పవద్దు" అని తేట తెలుగున వ్రాసినచో ఎన్ని ఖాతాలు నిలుచునో! మాటలోని చిక్కు మనకు సొమ్ములోని చిక్కు.

తెలుగున భాగమును చెప్పుటకు పాలు, వంతు, వాటా, కోరు అని పెక్కు మాటలు కలవు. వాటా మరాఠీలోను అట్లే యున్నది. పాలు మాత్రము మన సొంతము. ఇది ఇంగ్లీషు షేరుకంటె లోతైన మాట యని నా యభిప్రాయము. ఆస్తిలో పాలు, పంటలో పాలు అనుటతో అది యాగిపోలేదు. అప్పులపాలు, నీటిపాలు, పరులపాలు అనునపుడు సొమ్ము ఎవరి భాగమునకు పోయినదో చెప్పుచున్నాము. పాలికాపు అను మాటలోను ఆ పాలే యున్నది.

పాలుకు చేయు సేద్యమునకు ఇంగ్లీషులో షేర్‌క్రాపింగు అని పేరు. అమెరికా దక్షిణ రాష్ట్రములలో 1865లో అంతర్యుద్ధము ముగిసి బానిసలు విముక్తులైనపుడు వారికి స్వేచ్ఛ వచ్చినది గాని సెంటు భూమి రాలేదు. భూస్వాములు నేలను, కంచరగాడిదను, విత్తనమును ఇచ్చి ప్రత్తిలో సగము తీసికొనెడివారు. మిగిలిన సగమును, సంవత్సరమంతయు దుకాణములో అరువు తెచ్చుకొనిన పిండికిని బట్టకును జమయగుచుండెను. లెక్క పుస్తకము భూస్వామి వద్దనో దుకాణదారు వద్దనో యుండెడిది. రైతునకు చదువు లేదు. పేరునకు షేరు, పనికి అప్పు. 1934లో ఆర్కన్సా రాష్ట్రమున నల్లవారును తెల్లవారును గూడి కౌలురైతుల సంఘము స్థాపించికొనుటకు ఇదియే కారణము. మన దేశమున బంగాళములో 1946లో పాలు రైతులు తమకు సగము చాలదు, మూడింట రెండు వంతులు కావలెనని లేచిరి. ఆ యుద్యమమునకు తేభాగా యని పేరు. అనగా మూడు భాగములు. అచ్చట 1978లో మొదలైన ఆపరేషన్ బర్గా వలన పాలు రైతుల పేర్లు సర్కారు దస్తరములకు ఎక్కినవి.

మన యొద్ద సమకోరునకు, కౌలునకు చేయువారికి ఈనాటికిని పెద్ద చిక్కు ఆ దస్తరమే. పొలము పాసుపుస్తకము యజమాని పేరనుండుటచేత, చెమటోడ్చినవానికి బ్యాంకు అప్పు దొరకుట కష్టము. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ భూ అధీకృత సాగుదారుల చట్టమును చేసినది. తరువాత 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కుల చట్టము వచ్చినది. పదునొకండు నెలల ఒప్పందముపై, యజమాని హక్కునకు భంగము లేకుండ, సాగుదారునకు పత్రమిచ్చుట దాని యుద్దేశము. ఆ పత్రముపై యజమాని సంతకము పడనిచో కథ మొదటికే వచ్చును. పంటలో పాలున్నను సంఘములో షేరు కొనుటకు, అప్పు పొందుటకు వీలుపడని రైతు ఎందరి పొలములలోనో యున్నాడని మన సంఘములవారు మరువరాదు.

ఇప్పుడు మన బల్లమీది షేరునకు వత్తము. ఇచ్చట చిక్కు రైతుది కాదు, ఇంగ్లీషు భాషదే. ఆ భాష రెండు వేరు వస్తువులకు ఒకే పేరు పెట్టినది. 1602లో డచ్చివారి తూర్పిండియా కంపెనీ జనులవద్ద మూలధనము వసూలు చేసి, ఆ భాగములను ఆమ్‌స్టర్‌డాములో చేతులు మార్చుకొనుటకు వీలు కల్పించినది. నాటినుండి కంపెనీ షేరు అంగడి సరుకైనది. నేడు నూఱు రూపాయలకు కొన్నది రేపు రెండు వందలు కావచ్చును, ఇరువది కావచ్చును. పది షేరులున్నవానికి పది ఓట్లు, వేయి షేరులున్నవానికి వేయి ఓట్లు. సహకార సంఘపు షేరు ఇట్టిది కాదు. అది అంగడిలో అమ్ముడు పోదు, దాని ధర పెరుగదు. పది రూపాయలకు కొన్నది పది రూపాయలే. ఎన్ని షేరులున్నను ఓటు ఒక్కటే. జర్మనులు ఈ భేదమును గ్రహించి రెండింటికిని రెండు పేరులు పెట్టిరి. కంపెనీ షేరు ఆక్టియె. సంఘపు షేరు గెషెఫ్ట్స్‌ఆన్‌టైల్, అందలి ఆన్‌టైల్ అనగా అచ్చముగా పాలు. ఇంగ్లీషువారికి రెండును షేరే. వారినుండి తెచ్చుకొన్న మనకును రెండును షేరే యైనవి. అందుచేతనే పట్టణమున చదువుకొన్న కుమారుడు, తండ్రికి సంఘములో షేరులున్నవని విని, "ఇప్పుడు రేటెంత యున్నది" యని యడుగుట జరుగుచున్నది.

ఇంగ్లండులో రాచ్‌డేల్ అను నూరిలో 1844లో 28 మంది కూడి, ఒక్కొక్కరు ఒక పౌను వాటాగా వేసికొని, దుకాణము తెఱచిరి. వారిలో పెక్కురు నేతపనివారు. ఆ పౌనును ఒకేసారి చెల్లింపజాలక వారమునకు కొన్ని పెన్నీల చొప్పున కట్టిరి. వారి నియమములలో మనకు ముఖ్యమైనవి రెండు. మూలధనమునకు మితమైన వడ్డీయే గాని మిగులు లాభము దానికి పోదు. సరుకు కొనిన కొలదిని సభ్యులకు తిరిగి పంచబడును. రెండవది, మనిషికొక ఓటు. అనగా ఇచ్చట షేరు పెట్టుబడి కాదు, ప్రవేశద్వారము. ఎక్కువ వేసినవాడు ఎక్కువ యజమాని కాడు.

అదే కాలమున జర్మనీలో రైఫైజన్ అను గ్రామాధికారి పల్లె రైతుల కొఱకు పరపతి సంఘములను స్థాపించెను. 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో పెట్టినది అందు ప్రసిద్ధము. ఆయన మొదట షేరే వలదనెను. బీదరైతు షేరు కొనలేడు, కొనగలవాడు లాభాంశము కోరును, దానితో అప్పు ధర పెరుగును, అని ఆయన వాదము. దానికి బదులుగా సభ్యులందరు సంఘపు అప్పునకు తమ సర్వస్వముతో బాధ్యులు. తరువాత చట్టము బలవంతముచేత చిన్న షేరులు పెట్టవలసి వచ్చినది. మద్రాసు ప్రభుత్వము ఈ విషయము పరిశీలించుటకు నియమించిన ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటములుగా నివేదిక నిచ్చి ఈ రైఫైజన్ పద్ధతినే మెచ్చుకొనెను. ఆ పిమ్మట వచ్చిన 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టమున గ్రామ సంఘములకు అపరిమిత బాధ్యతయే సాధారణ నియమము. 1912 చట్టము పరిమిత బాధ్యతగల సంఘములలో ఏ వ్యక్తియు మూలధనములో అయిదవ వంతునకు మించి, లేక వేయి రూపాయలకు మించి షేరులు కలిగి యుండరాదని కట్టుబాటు చేసినది. సింహభాగము రాకుండుటకు వేసిన కంచె యది. 1954లో గోర్వాలా సంఘము ఇచ్చిన నివేదిక ననుసరించి ప్రభుత్వము తానును సంఘములలో షేరులు తీసికొనుట మొదలిడినది. దానివలన ధనము వచ్చినది, దానివెంట పెత్తనమును వచ్చినది. ఆ పెత్తనము వలదనువారి కొఱకు 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము చేయబడినది. ఆ చట్టము క్రింది సంఘములలో ప్రభుత్వమునకు షేరు లేదు.

ఇక లెక్క చూతము. రామయ్య యను సభ్యునకు 50,000 రూపాయల అప్పు మంజూరైనదనుకొందము. అప్పులో నూటికి 5 చొప్పున షేరు కట్టవలెనని ఆ సంఘపు నిబంధనావళిలో నున్నదనుకొందము. ఈ రేటు సంఘమునకు సంఘమునకు మారును. షేరు 2,500 రూపాయలు. చేతికి వచ్చునది 47,500. నూటికి 7 చొప్పున సంవత్సరపు వడ్డీ 3,500 రూపాయలు. ఈ వడ్డీ 50,000 మీద కట్టబడుచున్నది గాని 47,500 మీద కాదు. చేతికి వచ్చిన సొమ్ముతో భాగించి చూచినచో నూటికి సుమారు 7 రూపాయల 37 పైసలు పడును. వడ్డీ రాయితీ పూర్తిగా వచ్చిన సంవత్సరములలో ఈ తేడా కానరాదు. రాని సంవత్సరములలో కానవచ్చును. రైతు దీనిని కోత యనుటలో న్యాయము బొత్తిగా లేదని చెప్పజాలము. తన సొమ్మునకు తానే వడ్డీ కట్టుచున్నాడు. లాభాంశము వచ్చినపుడే యది కొంత పూడును.

అట్లయిన ఆ 2,500 ఎందులకు? సంఘము పైనుండి తెచ్చు అప్పునకు అదియే పునాది. సొంత నిధులు ఎంత గలవో చూచియే పైవారు ఎంత ఇయ్యవచ్చునో నిర్ణయింతురు. ఆ షేరు ధనము సంఘపు ఇనుప పెట్టెలోనే యుండునని తలపరాదు. మన సంఘము జిల్లా కేంద్ర సహకార బ్యాంకులో షేరులు కొనును. జిల్లా బ్యాంకు రాష్ట్ర సహకార బ్యాంకులో కొనును. అప్పు పైనుండి క్రిందికి దిగుచుండగా షేరు క్రిందినుండి పైకి ఎక్కుచుండును. రామయ్య రూపాయి మూడంతస్తుల మేడకు అడుగు రాయి. మేడ బీటవారినచో మొదట నలుగునదియు ఆ రాయియే. సంఘమునకు నష్టము వచ్చిన ముందుగా తగ్గునది షేరుధనమే గాని డిపాజిట్టు కాదు. కావున షేరును డిపాజిట్టుగా భావించుట, దానిని ఖర్చుగా భావించుట ఎంత తప్పో అంత తప్పే. వీలైనపుడు తీసికొందమని డిపాజిట్టు నడిగినట్లు షేరును అడుగుటకు వీలు లేదు. అప్పు తీరి, సభ్యత్వము వదలుకొన్న పిమ్మట, నిబంధనల ననుసరించి మాత్రమే అది తిరిగి వచ్చును.

లాభాంశము సంగతియు ఇట్టిదే. సంఘము లాభములో నుండి, నిల్వనిధికిని చట్టము చెప్పిన యితర నిధులకును తీసిన తరువాత మిగిలినచోనే అది యుండును. వెనుకటి నష్టములు పేరుకొన్న సంఘమున ఏండ్ల తరబడి ఒక్క పైస రాకపోవచ్చును. దానికి కారణము గుమాస్తా కాదు, బాకీదారులు. బాకీ నిలిపినవాడు తన పొరుగువాని షేరును తినుచున్నాడు. ఇది కఠినముగా వినిపించిన వినిపించుగాక, లెక్క యట్లున్నది.

కాని సంఘముల వారి తప్పును దాచరాదు. అప్పు ఇచ్చు దినమున షేరు క్రింద ఎంత పట్టుకొన్నారో వేరు రసీదు ఇయ్యక, అప్పు పత్రములోనే ఒక మూల అంకె వేసి సరిపుచ్చుట పెక్కు చోట్ల ఆచారముగా నున్నది. వాటా పత్రము ఎన్నడును చూడని సభ్యుడు, తనకు ఎన్ని షేరులున్నవో చెప్పలేని సభ్యుడు, మహాజన సభకు వచ్చి ఏమి యడుగును? అందుచేత సభకే రాడు. వచ్చినవారు పదిమంది చేతులెత్తిన తీర్మానము నెగ్గును. మనిషికొక ఓటు అను నియమము కాగితమున నిలిచి, రాచ్‌డేల్ వారు తలుపు వేసి యుంచిన సింహము వెనుక దారిని లోనికి వచ్చును. ఎవరు ఎరువుల గిడ్డంగికి తాళము వేయవలెను, ఎవరికి ముందు అప్పు మంజూరు కావలెను అను నిర్ణయములన్నియు ఆ పదిమంది చేతులనుండియే వెలువడును.

2022 జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటర్లలోనికి ఎక్కించు పథకమును 2,516 కోట్ల రూపాయల యంచనాతో మంజూరు చేసినది. పాత చేతివ్రాత పుస్తకములనుండి పేర్లు కంప్యూటరులోనికి ఎక్కునపుడే ఒక యక్షరము మారుట, తండ్రి పేరు తాఱుమాఱగుట, ఒకే సభ్యుని షేరులు రెండు ఖాతాలలో చీలిపోవుట సంభవించును. చనిపోయిన తాతగారి పేర నిలిచిపోయిన షేరులును అందు బయటపడును. కావున ప్రతి సభ్యుడును సంఘమునకు పోయినపుడు తన ఖాతాలోని షేరుధనము ఎంతయో అచ్చు వేయించి తీసికొనవలెను. వెనుకటి అప్పుల సమయమున పట్టినది అందు చేరినదో లేదో, పాత రసీదులున్న వానితో పోల్చి చూచుకొనవలెను. తేడా యున్నచో కార్యదర్శికి వ్రాతమూలముగా తెలిపి, ఆ కాగితమునకు అందినట్లు సంతకము పుచ్చుకొనవలెను. నోటిమాట మహాజన సభనాటికి నిలువదు.

నామినీ పేరు వ్రాయించినారా యనునది మరియొక ప్రశ్న. ఇరువది యేండ్ల క్రింద సభ్యుడైనవాడు అప్పటికి జీవించియున్న తల్లి పేరు వ్రాయించి యుండును. ఆమె గతించినది, భార్యయు బిడ్డలును వచ్చినారు, కాగితము మాత్రము మారలేదు. అట్టివాని షేరు వారసులకు చేరుటకు మండల కార్యాలయపు ధ్రువపత్రము, కుటుంబసభ్యుల సమ్మతులు, పలు పర్యాయములు తిరుగుట తప్పదు. రెండు వేల రూపాయల కొఱకు అంత తిరుగనేల యని ఆ కుటుంబమువారు వదలివేయుదురు. అట్లు వదలినవన్నియు సంఘపు పుస్తకములలో చనిపోయినవారి పేర్లతో, ఓటు లేక, యజమాని లేక, ఏటేట క్రొత్త చిట్టాకు ఎత్తి వ్రాయబడుచున్నవి. నామినీ మార్పు దరఖాస్తు ఒక్క పుట. సంఘపు కార్యాలయముననే దొరకును.